అక్కా, 20 యూరోల లోపు మంచి బోర్డో రెడ్ వైన్ ఎలా ఏరుకోవాలి?

ప్రశ్న: నమస్తే అక్కా. నేను ఫ్రాన్స్‌లో, తులూజ్‌లో జాబ్ చేస్తున్నా, వచ్చి ఏడాదిన్నర అయింది. మొన్న మా టీమ్ లీడ్ వాళ్ళింటికి డిన్నర్‌కి పిలిస్తే సూపర్‌మార్కెట్లో గోల్డ్ మెడల్ స్టిక్కర్ ఉన్న బోర్డో రెడ్ ఒకటి 4 యూరోల 90 సెంట్లు పెట్టి పట్టుకెళ్ళా. ఆయన థాంక్స్ చెప్పి తీసుకెళ్ళి కిచెన్లో పెట్టేశాడు, ఓపెన్ కూడా చెయ్యలేదు, నాకు తల కొట్టేసినట్టయింది. తర్వాత అదే వైన్ ఇంకోటి కొని ఇంట్లో గోంగూర మటన్‌తో తాగి చూస్తే ఒకటే వగరు, నోరంతా మండిపోయింది. ఇప్పుడు సంక్రాంతికి విజయవాడ వెళ్తున్నా, మావయ్యకి మంచివి రెండు తీసుకెళ్ళాలి, నాకూ కొన్ని కావాలి. సీసాకి 10 నుంచి 20 యూరోలు పెట్టగలను. షాపులో చూస్తే అన్నీ షాటో అనే ద్రాక్షతోట ఎస్టేట్ల పేర్లే, అన్నిటి మీదా కోట బొమ్మే. ఏది మంచిదో ఎలా తెలుస్తుంది?

సమాధానం:

తమ్ముడూ, ముందు ఆ డిన్నర్ దిగులు తీసేస్తా. నీ సీసా తియ్యలేదని ఫీలవకు, ఇక్కడ వాళ్ళ పద్ధతే అంత. ఏ వంటకి ఏ వైన్ అని పొద్దున్నే అనుకుని తీసి పెట్టుకుంటారు, వచ్చినవాళ్ళు తెచ్చింది తర్వాతెప్పుడో తాగుతారు. మనింటికి ఎవరైనా స్వీట్ బాక్స్ తెస్తే వాళ్ళ ముందే విప్పి వాళ్ళకే వడ్డించం కదా, అలాంటిదే. నేను ఈ బోర్డో ఊరికి వచ్చిన కొత్తలో నాకూ ఇదే జరిగింది, ట్రామ్‌లో ఇంటికొచ్చేదాకా మొహం మాడ్చుకుని కూర్చున్నా, రెండు నెలల తర్వాత ఆవిడే ఫోన్ చేసి నీ సీసా తాగామమ్మా బాగుంది అని చెప్పింది.

ఇంక గోంగూర మటన్ సంగతి. తప్పు సగం వైన్‌ది, సగం గోంగూరది. రెడ్ వైన్లో ఉండే ఆ వగరుని టానిన్ అంటారు, ద్రాక్ష తొక్కలోంచీ గింజలోంచీ వస్తుంది, మన లేత జామకాయ కొరికితేనో వక్క నమిలితేనో నాలుక పక్కలు పట్టేసినట్టు ఉంటుంది చూడు, అదే. మాంసంలో కొవ్వు తగిలితే అది మెత్తబడుతుంది, కారం తగిలితే రెచ్చిపోతుంది, ఆల్కహాల్ మంట కూడా కారంతో డబుల్ అవుతుంది. గోంగూర పులుపు ముందు మెర్లో అనే ద్రాక్షతో చేసిన మామూలు వైన్ చప్పగా పడిపోతుంది కూడా. కాబట్టి మన వంటతో బోర్డో తాగాలనిపిస్తే మిరియాలు వేసిన మటన్ వేపుడు, కారం తగ్గించిన కీమా, ఇలాంటివి చేసుకో. గోంగూర రోజు మంచినీళ్ళు తాగు, మజ్జిగ తాగు, దాన్ని దాని మానాన వదిలెయ్.

ఇప్పుడు అసలు విషయం. బోర్డోలో మనం కట్టే డబ్బు చాలావరకు ఊరి పేరుకి కడతాం. మన దగ్గర రోడ్డుకి ఇటు పక్క గజం ఒక రేటు, అటు పక్క ఇంకో రేటు ఉంటుంది కదా, మట్టి అదే, నీళ్ళు అవే, కానీ ఇటు పక్క పెద్దోళ్ళ వెంచర్ పడింది కాబట్టి రేటు పెరిగింది, అటు పక్క ఇంకా మామిడితోటే. ఇక్కడా అచ్చం అదే కథ, పేరున్న ఊరి పక్కూరు ఏదో తెలుసుకుంటే నీ పని ముప్పాతిక అయిపోయినట్టే.

మ్యాప్ ఒకసారి బుర్రలో వేసుకో. నువ్వుండే తులూజ్ మీదుగా పారే గరోన్ నదే బోర్డో దాకా వస్తుంది, ఊరు దాటాక కాస్త ఉత్తరాన దోర్దోన్ నది వచ్చి కలుస్తుంది, రెండూ కలిసి జిరోంద్ అని సముద్రంలోకి పోతాయి. ఎడమ గట్టున మెదోక్, గులకరాళ్ళ నేల, కాబెర్నే సోవిన్యోన్ ద్రాక్ష ఎక్కువ, వైన్ గట్టిగా వగరుగా ఉంటుంది, కొన్నేళ్ళు ఆగితే గానీ మెత్తబడదు. కుడి గట్టున సెంతెమిలియోన్, పోమెరోల్, అక్కడ బంకమట్టి, సున్నపురాయి, మెర్లో ద్రాక్ష ఎక్కువ, వైన్ కాస్త నున్నగా ఉంటుంది, తొందరగా తాగెయ్యొచ్చు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు, అందులోనూ మావయ్య లాంటి విస్కీ మనుషులు, కుడి గట్టు నుంచే మొదలుపెట్టాలనేది నా మాట.

పోమెరోల్ పేరు విన్నావో లేదో, పేత్రూస్ అనే వైన్ అక్కడిదే, సీసా వేల యూరోలు. ద్రాక్షతోటలన్నీ కలిపి 800 హెక్టార్లు అంతే. దానికి ఉత్తరాన బార్బాన్ అని ఒక వాగు ఉంది, వాగంటే నిజంగా వాగే, ఎండాకాలంలో చెప్పులు విప్పకుండా దాటొచ్చు. ఆ వాగుకి అవతల ఊరు లలాండ్ ద పోమెరోల్. అదే మెర్లో, చాలా చోట్ల అలాంటి బంకమట్టీ గులకే, ఇటు పక్క 35, 40 పెట్టినా మామూలుది వస్తుంది, అటు పక్క 15 నుంచి 20కి బుద్ధిగా చేసిన వైన్ దొరుకుతుంది. అంతా ఒకటే అని అబద్ధం చెప్పను, పోమెరోల్ గట్టు మీద పండిన గొప్ప వైన్‌ది వేరే లోకం, కానీ నీ 20 యూరోలకి ఆ లోకం ఎలాగూ రాదు కదా.

అలాంటిదే ఇంకోటి ఫ్రాన్సాక్, లిబోర్న్ ఊరికి పడమట ఒక కొండ మీద ఉంటుంది. రెండు మూడొందల ఏళ్ళ కిందట పోమెరోల్ కంటే ఫ్రాన్సాక్ పేరే పెద్దది, తర్వాత ఫ్యాషన్ మారింది, పేరు పోయింది, కొండ మాత్రం అక్కడే ఉంది. షాటో ద లా దోఫీన్ అని కనిపిస్తే కొను, 20కి కాస్త అటూ ఇటూ ఉంటుంది. చిన్నవాళ్ళవి 12కి కూడా ఉంటాయి.

నాకు మాత్రం అన్నిటికంటే ఇష్టం కాస్తియోన్. సెంతెమిలియోన్ ఏ సున్నపురాయి గట్టు మీద ఉందో ఆ గట్టే తూర్పుకి సాగి కాస్తియోన్ దాకా వెళ్తుంది. 1453లో ఇంగ్లీషు వాళ్ళకీ ఫ్రెంచి వాళ్ళకీ వందేళ్ళ యుద్ధంలో చివరి పెద్ద పోరు ఇక్కడే జరిగింది, ఊరి పేరే కాస్తియోన్ లా బతాయ్, బతాయ్ అంటే యుద్ధం. బోర్డో నుంచి లోకల్ ట్రైన్ ఉంది. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఒక రైతు, అరవై దాటిన మనిషి, వైన్ రుచి చూపించకముందే తోటలోకి తీసుకెళ్ళి నేల మీంచి ఒక తెల్లరాయి తీసి చేతిలో పెట్టాడు, దగ్గరగా చూడు అన్నాడు, చూస్తే రాయి నిండా చిన్న చిన్న గవ్వ ముక్కల్లాంటివి, ఒకప్పుడు ఇదంతా సముద్రం అంట, ఆ రాయికి వీళ్ళు పెట్టుకున్న పేరే సముద్రపు నక్షత్రచేపల మీద పెట్టారు. తర్వాత సెంతెమిలియోన్ వైపు చెయ్యి చూపించి, అక్కడా ఇదే రాయి, కాకపోతే అక్కడ రాయికి కూడా టికెట్ ఉంటుంది అని నవ్వాడు. ఆయన వైన్ అప్పుడు 9 యూరోలు. ఆరు తీసుకుని రైల్లో ఒళ్ళో పెట్టుకుని వచ్చా.

కాస్తియోన్లో పేరున్నది కావాలంటే షాటో దెగ్వీ ఉంది, నీ బడ్జెట్‌కి పై అంచున ఉంటుంది లేదా కాస్త దాటుతుంది. దాని పక్కనే ఫ్రాన్ అనే బుల్లి ఏరియాలో షాటో ప్యుయ్‌గెరో ఉంది, అది మాత్రం హాయిగా నీ బడ్జెట్లో వస్తుంది, నేను చాలామందికి గిఫ్ట్ ఇచ్చా, ఒక్కళ్ళూ బాలేదనలేదు. ఇంకా చవగ్గా కావాలంటే జిరోంద్ గట్టున బ్లాయ్, దోర్దోన్ గట్టున బూర్, 7 నుంచి 12 మధ్యలో రోజూ తాగే వైన్లు. బూర్‌లో మాల్బెక్ ద్రాక్ష కూడా కలుపుతారు, కాస్త మిరియం లాంటి ఘాటు వస్తుంది, షాటో ఫాల్ఫాస్ అని ఒకటుంది, చాలా ఏళ్ళ నుంచి కృత్రిమ రసాయన మందులు కొట్టకుండా బయోడైనమిక్ అనే సేంద్రియ పద్ధతిలో చేస్తున్నారు, అది చూడు. బ్లాయ్‌లో ఏప్రిల్‌లో ఆ పాత కోట లోపలే వైన్ల తిరునాళ్ళ జరుగుతుంది, రైతులంతా వచ్చి బల్లలు వేసుకుని కూర్చుంటారు, ఒక గ్లాసు కొనుక్కుని మధ్యాహ్నమంతా తిరగొచ్చు. వెళ్తే ఉమ్మడం నేర్చుకుని వెళ్ళు, సిగ్గు పడకు, అందరూ ఉమ్ముతారు, మింగుకుంటూ పోతే పదో బల్ల దగ్గర అన్నీ బాగున్నట్టే అనిపిస్తాయి.

ఎడమ గట్టు గురించి తొందరగా చెప్పేస్తా. 1855లో పారిస్‌లో పెద్ద ఎగ్జిబిషన్ పెడుతూ మూడో నెపోలియన్ మీ వైన్లకి గ్రేడులు వేసి పంపండి అంటే బోర్డో బ్రోకర్లు అప్పటికి ఏ షాటోకి ఎంత రేటు పలుకుతోందో చూసి లిస్టు రాశారు. ఆ లిస్టే ఇప్పటికీ నడుస్తోంది, పెద్ద మార్పంటే 1973లో మూతోన్ రాత్‌షీల్డ్ అనే షాటోని ఫస్ట్ గ్రేడుకి ఎక్కించడం ఒక్కటే. నూట డెబ్భై ఏళ్ళ కిందటి రేట్ల పట్టిక పట్టుకుని ఇవాళ కొనడం ఏంటో నాకర్థం కాదు గానీ ఆ పేర్లు ఎలాగూ మన జోలికి రావు. మనం చూడాల్సింది క్రు బుర్జువా అనే ముద్ర, ఆ లిస్టులో లేని మెదోక్ షాటోలకి ఇస్తారు, అందులో మామూలు, సుపీరియర్, ఎక్సెప్షనల్ అని మూడు మెట్లు. ఓ మెదోక్, లిస్ట్రాక్, మూలిస్ ఊర్లవి 13 నుంచి 20లో దొరుకుతాయి. మూలిస్‌లో షాస్ స్ప్లీన్ అని ఒక షాటో ఉంది, దిగులు తరిమేసేది అని అర్థం, పేరు చూసే కొనాలనిపిస్తుంది కానీ నీ బడ్జెట్ దాటేస్తుంది, ప్రమోషన్ వచ్చినప్పుడు చూద్దువు.

లేబుల్ మీద మోసపోయే మాటలు కొన్ని ఉన్నాయి. గ్రాన్ వాన్ ద బోర్డో అంటే గొప్ప బోర్డో వైన్ అని, ఆ మాట ఎవడైనా వేసుకోవచ్చు, హోటల్ బోర్డు మీద మనవాళ్ళు స్పెషల్ అని రాసినట్టు. వియేయ్ వీన్ అంటే ముసలి తీగలు, ఎన్నేళ్ళైతే ముసలిదో ఏ రూలూ చెప్పదు. సెంతెమిలియోన్ గ్రాన్ క్రు అని కనిపిస్తే పెద్ద గ్రేడు అనుకుని ఎగబడతారు, అది గ్రేడు కాదు, కాస్త గట్టి రూల్స్ ఉన్న ఏరియా పేరు అంతే, చివర క్లాసే అని ఇంకో మాట ఉంటేనే గ్రేడు. నీ గోల్డ్ మెడల్ కూడా ఇంతే, పోటీలు బోలెడు, ఒక్కో పోటీలో మెడల్స్ కూడా బోలెడు. స్టిక్కర్ మీద చిన్నక్షరాల్లో ఏ పోటీ, ఏ సంవత్సరం అని ఉంటుంది, అది చదివి పెద్ద పోటీ అయితే కాస్త నమ్మొచ్చు, కానీ మెడల్ ఒక్కటే చూసి కొనకు. సీసా బరువు చూసి అసలు కొనకు, బరువు గాజుది.

మరి దేన్ని నమ్మాలి అంటావా. సీసా మూత మీద కప్పే తొడుగు ఉంటుంది కదా, ఫ్రాన్స్‌లో అమ్మే చాలా సీసాలకి దాని పైన గుండ్రటి ముద్ర, అందులో ఒక ఆడమనిషి తల, చుట్టూ చిన్న అక్షరాలు ఉంటాయి. అక్కడ ఆర్ అని ఉంటే ద్రాక్ష పండించినవాడే వైన్ చేశాడని, ఎన్ అని ఉంటే వ్యాపారి కొని నింపాడని. ఇప్పుడు ఆ ముద్ర కంపల్సరీ కాదు కాబట్టి కొన్నిటికి ఉండదు, ఉంటే మాత్రం చూడు. అలాగే భుజాన పీపా మోస్తున్న మనిషి బొమ్మ ఉంటే స్వతంత్ర రైతుల సంఘం ముద్ర అది, సొంతంగా పండించి సొంతంగా నింపేవాళ్ళు పెట్టుకుంటారు. ఎన్ అని ఉన్నంత మాత్రాన చెడ్డదని కాదు, మంచి వ్యాపారులూ ఉన్నారు, కానీ 10 యూరోల దగ్గర నేను ఆర్ వైపే ఉంటా.

సంవత్సరం కూడా చూడాలి, బోర్డోలో వానా ఎండా ఏటికేడు మారిపోతాయి. చవక సీసాకి ఒక రూల్ పెట్టుకో, మంచి సంవత్సరంలో చిన్నవాళ్ళది కొను, కష్టమైన సంవత్సరంలో పేరున్నవాళ్ళది కొను. 2018, 2019, 2020, 2022 మంచి ఏళ్ళు, 2016 పేరున్నవాళ్ళది ఎక్కడైనా మిగిలి ఉంటే ఇంకా మంచిది. 2022 బాగా ఎండలు కాసిన ఏడు కాబట్టి ఆల్కహాల్ కొంచెం ఎక్కువ, 14న్నర శాతం దాకా ఉంటుంది. 2021లో ఏప్రిల్‌లో మంచు పడి చిగుళ్ళు మాడిపోయాయి, తర్వాత బూజు తెగులు, ఆ ఏటి చిన్న సీసాలు పలచగా ఉంటాయి. 2013 ఎవరైనా డిస్కౌంట్లో పెడితే వదిలెయ్. ఇంకోటి, వైన్ ఎంత పాతదైతే అంత గొప్పది అని మనవాళ్ళు అనుకుంటారు, 10 యూరోల వైన్‌కి అది వర్తించదు, నాలుగైదేళ్ళకి మించి దాచకు.

మరీ చవకది, 2, 3 యూరోలది, కొనకు. నా పిసినారితనం తెలిసినవాళ్ళు నవ్వుతారు ఈ మాటకి. బోర్డోలో హోల్‌సేల్ లెక్క తొన్నో అనే కొలతలో ఉంటుంది, 900 లీటర్లు, అంటే 1200 సీసాలు. ఈమధ్య మామూలు బోర్డో రెడ్ తొన్నో వెయ్యి యూరోల లోపే అడిగారు, అంటే సీసాడు వైన్‌కి రైతు చేతికి 85 సెంట్లు కూడా రాలేదు, పండించిన ఖర్చే దానికంటే ఎక్కువ. 2022 డిసెంబర్‌లో రైతులు రోడ్డెక్కారు, 2023లో గవర్నమెంటూ వైన్ బోర్డూ కలిసి తోట పీకేస్తే హెక్టారుకి 6000 యూరోలు ఇస్తామని స్కీమ్ పెట్టారు. బోర్డో నుంచి తూర్పుకి కారేసుకుని వెళ్తే పీకేసిన తీగల మొద్దులు నల్లగా కుప్పలు పోసి కనబడతాయి, మా నాన్న మిర్చి రేటు పడిపోయిన ఏడు కల్లంలో కూర్చున్నట్టు కూర్చున్న మనుషుల్నీ చూశా. అందుకే అదే రైతు గేటు దగ్గర 8 యూరోలకి అమ్మేది కొను, ఆయనకీ గిట్టుతుంది, నీకూ మంచి వైన్ వస్తుంది.

సెప్టెంబర్ వస్తోంది కదా, సూపర్‌మార్కెట్లన్నీ ఫ్వార్ ఓ వాన్ అని వైన్ మేళా పెడతాయి, కేటలాగులు ముందే వచ్చేస్తాయి. అందులో లలాండ్, ఫ్రాన్సాక్, కాస్తియోన్, క్రు బుర్జువా, మంచి సంవత్సరం, 9 నుంచి 18 మధ్య, ఇలా ఓ నాలుగు పెన్నుతో గీసుకో. మొదటి రోజు పొద్దున్నే వెళ్ళి నాలుగూ ఒక్కొక్కటే కొను. ఆ రాత్రే ఇద్దరు ఫ్రెండ్స్‌ని పిలిచి నాలుగూ తీసి రుచి చూడండి, మిగిలింది బిరడా పెట్టి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే రెండు మూడు రోజులు ఉంటుంది. ఏది నచ్చిందో అది మర్నాడు పొద్దున వెళ్ళి ఆరు తెచ్చుకో. ఈ ఒక్క పద్ధతితో నేను పదేళ్ళ నుంచి బండి నడిపిస్తున్నా. వారం తర్వాత వెళ్తే మిగిలేవి ఎవరూ ముట్టనివే. సూపర్‌మార్కెట్ ఇష్టం లేకపోతే మీ వీధిలో వైన్ షాపాయన్ని, కావిస్ట్ అంటారు, సిగ్గుపడకుండా నా దగ్గర 15 ఉన్నాయి, కుడి గట్టుది, ఇవాళే తాగడానికి అని అడుగు. ఇంత క్లియర్‌గా అడిగితే వాళ్ళు సంతోషంగా వెతికి ఇస్తారు.

ఇంట్లో ఫ్రిజ్ మీద నిలబెట్టి దాచకు, అక్కడ వేడి. మంచం కింద పడుకోబెట్టు. తాగడానికి గంట ముందు మామూలు నీళ్ళ జగ్గులోకి ఒంపు, గాలి తగిలితే వగరు తగ్గుతుంది, వందల యూరోల డికాంటర్ అనే గాజు కూజా ఏమీ అక్కర్లేదు. అడుగున నల్లగా మడ్డి ఉంటే కంగారు పడకు, అది వైన్‌దే, సీసాలోనే వదిలెయ్.

మావయ్య సీసాలకి. ఇండియాకి మనిషికి 2 లీటర్ల దాకా డ్యూటీ లేకుండా తీసుకెళ్ళొచ్చు, అంటే 750 మిల్లీ సీసాలు రెండు నిక్షేపంగా పడతాయి. చెక్ ఇన్ సూట్‌కేస్ మధ్యలో, ఒక్కోదాన్ని రెండు టవల్స్‌లో చుట్టి, బయట ప్లాస్టిక్ కవర్ కట్టి పెట్టు. నేనొకసారి మే నెలలో తీసుకెళ్ళి, దారిలో పెళ్ళివారింటికి దిగి, సూట్‌కేస్ కారు డిక్కీలోనే వదిలేశా, సాయంత్రం చూసేసరికి బిరడా పైకి తన్నుకొచ్చి రెండు పట్టుచీరలకి మెర్లో అద్దకం పడింది, అమ్మ ఇప్పటికీ ఆ మాట ఎత్తుతుంది. నువ్వు వెళ్ళేది సంక్రాంతికి కాబట్టి ఆ గొడవ లేదు. ఒకటి ప్యుయ్‌గెరో, ఒకటి లలాండ్ ద పోమెరోల్ తీసుకెళ్ళు, రెండూ మెర్లో ఎక్కువున్నవే, నున్నగా దిగుతాయి. రెడ్ వైన్ రూమ్ టెంపరేచర్‌లో తాగాలి అని ఎవరో ఒకరు అంటారు, ఆ రూమ్ ఇక్కడి పాత రాతి ఇంట్లో గది, 17, 18 డిగ్రీలు, విజయవాడలో మన హాలు కాదు. అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తియ్యి.

ఇంత చెప్పినా మావయ్య గ్లాసులో రెండు ఐస్ ముక్కలు వేసి పైన సోడా కొడతాడనుకో, కొట్టనీ, నోరెత్తకు. 15 యూరోల సీసాయే కదా, అదే 60ది అయ్యుంటే నీ ప్రాణం గిలగిల్లాడేది.